పంటి మాటు – వెండి రేణువు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు పిల్లల కోలాటం చూసి ఆనందించారు. కాసేపట్లో భోజనాలు. కోలాటానికీ బూరెలకూ నడుమ ఒక పళ్ళ డాక్టరును నిలబెట్టడంలో కార్యవర్గం వారి ఉద్దేశమేమిటో నాకు తెలియదు గాని, బూరె కొరికే ముందు పంటిని గూర్చి నాలుగు మాటలు వినటం మంచిదేనని మాత్రం మనవి చేస్తున్నాను. ఉద్యోగ విరమణ చేసిన వాణ్ణి గనుక నా దగ్గర అమ్ముకోవలసిన మందు ఏదీ లేదు. చెప్పుకోవలసిన సంగతి ఒక్కటుంది. పుచ్చిన పంటికి మనం వేసే మాటు ఎందుకు నిలవటం లేదు, దానిని నిలపటానికి నేడు ప్రపంచంలో శాస్త్రజ్ఞులు ఏమి చేస్తున్నారు అన్నదే ఆ సంగతి.

మీలో చాలామంది వలెనే నేనూ పేరా రాష్ట్రంలో కొబ్బరి తోటలో పుట్టినవాణ్ణి. మా తాతగారు విశాఖ ప్రాంతం నుంచి ఓడ ఎక్కి వచ్చారు. మా లైను ఇళ్ళలో నలభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు నిండుగా పళ్ళుండటం నేను చూడలేదు. మా అమ్మకు యాభయ్యో ఏటికే నోట పళ్ళు లేవు. పన్ను నొప్పి పుడితే లవంగం పెట్టేవారు, ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు, చివరకు పట్టుకారుతో పీకించుకునేవారు. “పంటిలో పురుగు పడింది” అనేవారు. ఆ పురుగును నేను ఎంత వెతికినా కనపడలేదు. కాని మా మామ్మ మాట పూర్తిగా అబద్ధం కాదని డాక్టరునయ్యాక తెలిసింది.

పురుగు ఉన్నమాట నిజమే. అది కంటికి కనపడనంత చిన్నది. 1890లో మిల్లర్ అనే అమెరికా దంతవైద్యుడు, జర్మనీలో పనిచేస్తూ, నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న పిండినీ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లం చేస్తాయనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ వివరించాడు. 1924లో లండనులో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్ళలో నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. పంటి మీద పేరుకునే పాచిలో దీని వంటివి ఎన్నో కాపురముంటాయి. పాచిలో పి.హెచ్. సుమారు 5.5కు దిగిందంటే పంటి పై పొర, అంటే ఎనామెల్, కరగటం మొదలవుతుంది. డబ్బా పాలు పోసి తియ్యగా కలిపిన తె తారిక్ గుటక గుటకగా గంటసేపు తాగితే ఆ గంటసేపూ పన్ను ఆమ్లంలో నానుతున్నట్టే లెక్క. కూలి పని చేసి అలసిన మనిషికి ఆ తీపి తేనీరే ఆనాడు బలం. మన పెద్దల పళ్ళు పోవటానికి వాళ్ళ నిర్లక్ష్యమొక్కటే కారణమని నేను అనను.

మన దేశంలో ఈ విషయమై జరిగిన మంచి పనిని కూడా చెప్పుకోవాలి. పినాంగులో 1949లోనే పిల్లల పళ్ళు చూసే నర్సులకు శిక్షణాలయం పెట్టారు. ఆ నర్సులు బళ్ళకు వచ్చి మా పళ్ళు చూసేవారు. వారి యంత్రం చప్పుడు వింటేనే మేము పారిపోయేవాళ్ళం. తరువాత తాగునీటిలో కొద్దిపాటి ఫ్లోరైడు కలపటం దేశమంతటా విధానంగా పెట్టుకున్నారు. ఈ రెంటి వలన ఎన్ని లక్షల పళ్ళు నిలిచాయో!

ఇక మాటు సంగతికి వస్తాను. చిల్లి పడిన బిందెకు మాటు వేసే మనిషి సైకిలు మీద మా లైనుకు వచ్చేవాడు. మామ్మ ఆ బిందెను నీళ్ళు పోసి చూసి, “మాటు బాగానే ఉంది, మాటు అంచునే నీరు కారుతోంది” అనేది. ముప్పై ఏళ్ళు పళ్ళకు మాట్లు వేసిన నేను చెప్పగలిగింది కూడా ఆ ఒక్క మాటే. పంటి మాటు చెడేది మాటు నడుమ కాదు, ఎక్కువ సార్లు దాని అంచున.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మేము వాడినది అమాల్గం. వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో నూరి చేసే ముద్ద అది. బరువులో ఇంచుమించు సగం పాదరసమే. నూట యాభై ఏళ్ళకు పైగా ప్రపంచమంతటా పళ్ళను కాపాడినది ఆ ముద్దే. అయితే అది పంటికి అంటుకోదు. లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా గుంట తవ్వి అందులో బిగించాలి. అంటే నలుపు సగం పోవటానికి మంచి పన్ను సగం తవ్వాలి.

పంటికి అంటుకునే మాటు కావాలన్న కోరిక 1955లో తీరటం మొదలయింది. అమెరికాలో రోచెస్టరు నగరంలో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామెల్ మీద అర నిమిషం రాసి కడిగేస్తే ఆ నున్నని పొర గరుకెక్కి, పైన పోసిన ప్లాస్టిక్కు దానిని గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టాడు. గోడకు సున్నం పట్టాలంటే ముందు గోడ గీకుతామే, అటువంటిదన్నమాట. 1962లో బోవెన్ అనే శాస్త్రజ్ఞుడు నేటి పంటి రంగు ఫిల్లింగులకు మూలమైన రెజిన్‌కు పేటెంటు పొందాడు. అయినా ఎనామెల్ కింది పొర, డెంటిన్, లొంగలేదు. దానిలో చదరపు మిల్లీమీటరుకు పదుల వేల సన్నని గొట్టాలుంటాయి. వాటిలో నుంచి నీరు ఊరుతూ ఉంటుంది. తడి గోడకు జిగురు పట్టదు కదా! 1982లో జపానులో నకబయాషీ బృందం, జిగురు ఆ డెంటిన్ నారలో ఇంకి, నారా జిగురూ కలిసిన ఒక మిశ్రమ పొర ఏర్పడుతుందని చూపించింది. నేడు ప్రపంచంలో డెంటిన్‌కు జిగురుతో అంటించిన మాటు నిలిచేది వెంట్రుక మందం కూడా లేని ఆ పొర మీదనే.

ఇప్పుడు నా కథ ఒకటి చెప్పనివ్వండి.

మా తోటలోనే పెరిగిన ఒక అప్ప ఉండేది. మా వైపు అక్కను అప్ప అనే అంటాం. 1984లో ఆమె కింది దవడ పన్నుకు నేను అమాల్గం వేశాను. పదకొండేళ్ళ తరువాత వచ్చి, “తమ్ముడూ, మళ్ళీ అదే పన్నురా!” అంది. చూద్దును గదా, ముద్ద చెక్కుచెదరలేదు, దాని అంచు కింద నలుపు. పాతది తీసి, చుట్టూ మరికొంత తవ్వి, అప్పటి కొత్త రకం తెల్ల ఫిల్లింగు వేశాను. “ఇది పంటికి అంటుకుంటుంది అప్పా, ఇక భయం లేదు” అన్నాను. ఎనిమిదేళ్ళు గడిచాయి. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అంచే. ఈసారి గుంట నరం దాకా పోయింది. నరం తీసి పైన తొడుగు వేశాను. 2012లో ఆ పన్ను నిలువునా చీలితే నేనే పీకాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. “పోనీలే, నువ్వు మూడుసార్లు బతికించావు” అంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి నేను అన్నం తినలేదు. మూడుసార్లూ నేనే తవ్వాను. తవ్విన ప్రతిసారీ పన్ను తరిగింది.

ఇది ఒక్క అప్ప కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం శాశ్వత దంతాలు పుచ్చినవారు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది, పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైన. వేసిన ఫిల్లింగులు మార్చవలసి రావటానికి ముఖ్య కారణాలలో ఒకటి అంచున మళ్ళీ పుచ్చటమే.

అంచు ఎందుకు చెడుతుంది? తెల్ల ఫిల్లింగును నీలి దీపంతో గట్టిపరచినప్పుడు అది నూటికి రెండు మూడు పాళ్ళు కుంచించుకుపోతుంది. కుంచించుకున్న మాటు గోడను లాగుతుంది. అక్కడ సన్నని సందు పడవచ్చు. నోటి తడి ఏళ్ళ తరబడి జిగురును నానబెడుతుంది. ఉమ్మిలోని, పంటిలోని ఎంజైములు జిగురునూ నారనూ కొద్దికొద్దిగా కొరుకుతాయి. ఆ సందులో బాక్టీరియా చేరితే బ్రష్షు అందదు. పైగా తెల్ల ఫిల్లింగు మీద అమాల్గం మీదకన్నా పాచి ఎక్కువగా పేరుకుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

అయితే అమాల్గమే మేలు కదా అంటారా? ఆ దారి మూసుకుపోతోంది. పాదరసం నేలకూ నీటికీ చేటని 2013లో మినమాతా ఒప్పందం కుదిరింది. పదిహేనేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గం వేయకుండా చూడాలని 2022లో ఆ ఒప్పందంలో చేర్చారు. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప, దానిని వేయటానికి వీలు లేదు. కనుక మన మనుమల నోళ్ళలో ఉండబోయేది జిగురు మీద నిలిచే మాటే. జిగురు బాగుపడటం అందరికీ అవసరమైన పని అయిపోయింది.

ఇక్కడే శాస్త్రజ్ఞులకు ఒక ఆలోచన తట్టింది. జిగురు పట్టుకుంటే చాలదు, కాపలా కూడా కాయాలి! తాళం వేసిన ఇంటికి వాకిట కుక్కను కూడా కట్టినట్టు.

మొదటి దారి జపానులో ఒసాకాలో తొక్కారు. ఇమజాతో గారి బృందం 1994 ప్రాంతంలో ఎం.డి.పి.బి. అనే పదార్థాన్ని తయారుచేసింది. ఇది జిగురుతో పాటే గట్టిపడి అందులో భాగమైపోతుంది. బయటికి కారిపోదు. తనను తాకిన బాక్టీరియాను చంపుతుంది. దీనిని కలిపిన జిగురు బజారులోకి వచ్చింది కూడా.

రెండవ దారి నానో రేణువులది. నానో అంటే ఎంత? మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. మన వెంట్రుక మందమే 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. పంటిని తినే బాక్టీరియా సుమారు 500 నుంచి 1,000 నానోమీటర్లు. డెంటిన్ గొట్టం వెడల్పు వెయ్యి, రెండు వేలు. అందుకే బాక్టీరియా ఆ గొట్టంలోకి సులభంగా దూరగలదు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు జిగురులో కలిపిన వెండి రేణువుల సగటు కొలత మూడు నానోమీటర్ల లోపు. బాక్టీరియా దూరిన సందులోకల్లా అవి జిగురు వెంట వెళ్ళగలవు.

అంత చిన్నవి చేయటం దేనికి? బెల్లం గడ్డను నీళ్ళలో వేస్తే మెల్లగా కరుగుతుంది, పొడి చేసి వేస్తే వెంటనే కరుగుతుంది. పొడికి నీటిని తాకే ఒళ్ళు ఎక్కువ. వెండి కూడా అంతే. చిన్న రేణువులైతే తక్కువ వెండి నుంచే ఎక్కువ పని జరుగుతుంది. వాటి నుంచి వెలువడే వెండి అయానులు బాక్టీరియా పై పొరను దెబ్బతీస్తాయి, దాని ఎంజైములను పట్టుకుని పనిచేయనివ్వవు. మేరీలాండ్ ప్రయోగాలలో కలిపిన వెండి 0.05 నుంచి 0.1 శాతమే. మనుషుల ఉమ్మి నుంచి పెంచిన పాచి మీద పరీక్షించినప్పుడు బాక్టీరియా, అవి చేసే ఆమ్లం బాగా తగ్గాయి. జిగురు పట్టు తగ్గలేదు. 2013లో ఇమజాతో గారూ మేరీలాండ్ వారూ కలిసి ఎం.డి.పి.బి.నీ వెండినీ ఒకే జిగురులో చేర్చి చూస్తే, విడివిడిగా కన్నా రెండూ కలిసి ఎక్కువ పనిచేశాయి. తాకితే చంపేది ఒకటి, కొద్ది దూరం దాకా వెళ్ళి చంపేది మరొకటి.

అదే బృందం కాల్షియం ఫాస్ఫేటు నానో రేణువులను కూడా కలిపింది. పాచి ఆమ్లమెక్కినప్పుడు అవి కరిగి, పంటి నుంచి పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి ఇస్తాయి. దొంగను తరిమి, పోయిన సొమ్ము కూడా తెచ్చిపెట్టే కాపలాదారు! జింకు ఆక్సైడు, టైటానియం డయాక్సైడు, రాగి, రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ రేణువులతో కూడా ఇటువంటి ప్రయోగాలు అనేక దేశాలలో సాగుతున్నాయి.

ఇంతవరకు విని, “అయితే రేపే వెళ్ళి వెండి జిగురు వేయించుకుందాం” అనుకోకండి. రెండో వైపు కూడా చెప్పకపోతే నేను వైద్యుణ్ణి కాను, అమ్మకందారుణ్ణి అవుతాను.

మొదటిది, ఈ ఫలితాలలో ఎక్కువ భాగం ప్రయోగశాలలోని పళ్ళ మీద వచ్చినవి. అక్కడ పరీక్ష రోజులూ నెలలూ. నోటిలో మాటు నిలవవలసింది పదేళ్ళు, ఇరవై ఏళ్ళు. రెండవది, రంగు. వెండి ఎక్కువైతే జిగురు పసుపుగా, గోధుమగా మారుతుంది. వెండి పంటిని నల్లబరుస్తుందనటానికి మన కళ్ళ ముందే సాక్ష్యముంది. జపానులో 1970 ప్రాంతం నుంచి వాడుతున్న సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే మందు పుచ్చును ఆపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2021లో అవసరమైన మందుల జాబితాలో చేర్చింది. కాని అది రాసిన పుచ్చు బొగ్గులా నల్లబడుతుంది. ముందు పళ్ళకు ఎవరొప్పుకుంటారు? మూడవది, బాక్టీరియాను చంపేది మోతాదు మించితే మన కణాలకూ హాని చేయగలదు. కనుకనే ఆ 0.1 శాతం లెక్క. నాలుగవది, బాక్టీరియా కూడా తెలివైనవే. అమెరికాలో ఒక కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని బాక్టీరియాను గూర్చి 1975లోనే వైద్య పత్రికలో రాశారు. అయిదవది, వెండి అయానులు వెలువడి వెలువడి ఒకనాటికి తరిగిపోతాయి. తాకితే చంపే పొర మీద చచ్చిన బాక్టీరియా పేరుకుంటే, పైన చేరిన వాటికి ఆ పొర తగలదు.

మరొక మాట. అన్నప్రాశనకు వెండి గిన్నె, వెండి చెంచా పెట్టటం మన ఆచారం. ముచ్చటైన ఆచారమే, మానవద్దు. అయితే వెండి చెంచాతో తిన్నంత మాత్రాన పళ్ళు పుచ్చవని అనుకోవద్దు. ఆ చెంచాలో ఉన్నది పంచదార పాయసమైతే, వెండి ఏమి చేస్తుంది? అట్లాగే పళ్ళ పొడి డబ్బా మీద నానో అని అచ్చువేసినంత మాత్రాన అది నేను చెప్పిన విద్య కాదు.

మరి మనం చేయవలసిందేమిటి? జిగురుకు కాపలా వచ్చేదాకా మాటు అంచుకు కాపలా మనమే. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు తోముకోండి. తోమాక నురుగు ఉమ్మేయండి గాని నీళ్ళతో పదే పదే పుక్కిలించకండి. ఆ ఫ్లోరైడు పంటి మీద కాసేపు ఉండాలి. తీపి తినాలంటే భోజనంతో తినండి, రోజంతా చప్పరించకండి. పిల్లకు పాలసీసా నోట పెట్టి నిద్రపుచ్చకండి. మామ్మలకూ తాతలకూ ప్రత్యేకంగా చెబుతున్నాను, ఏడుపు మాన్పటానికి పిల్ల నోట్లో డబ్బా పాలు పెట్టే ప్రేమ ఆ పిల్ల పంటికి శత్రువు.

నొప్పి పుట్టేదాకా ఆగకండి. మాటు ఉన్న పన్ను ఉంటే ఏడాదికొకసారైనా చూపించుకుని, “డాక్టరుగారూ, అంచు ఎలా ఉంది?” అని అడగండి. అంచు కాస్త చెడితే అక్కడికి మాత్రమే బాగుచేయవచ్చు. ప్రతిసారీ మొత్తం తవ్వనక్కరలేదు. “మొత్తం తీయటం అవసరమా?” అని అడగటం తప్పు కాదు. మన వాళ్ళు డాక్టరు ముందు నోరు తెరుస్తారు గాని నోరు విప్పరు! ఆ రెండవది కూడా నేర్చుకోవాలి. ఆ అప్ప పంటి విషయంలో ఆ ప్రశ్న ఆమె అడగలేదు. వేయవలసినంత గట్టిగా నేనూ వేసుకోలేదు.

ఈ సభలో సైన్సు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. పంటి జిగురు అంటే చిన్న విషయమనుకోకండి. దానిలో రసాయనముంది, జీవశాస్త్రముంది, లోహాల విద్య ఉంది. ఎన్ని దేశాల వాళ్ళు ఎన్నేళ్ళు కష్టపడితే ఈ వెంట్రుక పాటి పొర ఇంతవరకు వచ్చిందో విన్నారు. పదేళ్ళు నోటిలో నిలిచి, రంగు మారక, కణాలకు హాని చేయక, అంచును కాపాడే జిగురు ఇంకా కావలసి ఉంది. మీలో ఎవరైనా ఆ పనిలో చెయ్యి వేస్తే, లైను ఇళ్ళలో బోసినోళ్ళతో నవ్విన మన అమ్మమ్మలు ఎక్కడున్నా సంతోషిస్తారు.

ఆ అప్ప ఈనాడు ఈ సభలోనే ఉంది. ముందు వరుసలో కూర్చుని నవ్వుతోంది. ఆమె మనుమరాలు ఇందాక కోలాటంలో ఆడింది. ఆ పిల్ల పళ్ళు నిన్ననే చూశాను. ఒక్క మాటు కూడా పడలేదు. అన్నిటికన్నా మంచి మాటు అదే, వేయనక్కర లేకపోయిన మాటు!

భోజనాలు చల్లారకముందే ముగిస్తున్నాను. బూరెలు తినండి. తిన్నాక నీళ్ళు పుక్కిలించండి. రాత్రికి పళ్ళు తోముకుని పడుకోండి.